డ్యూటీ డాక్టర్ల చార్టును కంప్యూటరుకు అప్పగించవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి ఒక ఆర్.ఎం.ఓ.

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో 120 పడకల ప్రైవేటు ఆస్పత్రి ఒకదానిలో నేను రెసిడెంట్ మెడికల్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. రోగులను చూడడంతో పాటు డ్యూటీ డాక్టర్ల చార్టు వేసే పని కూడా తొమ్మిదేళ్లుగా నా చేతుల్లోనే ఉంది. క్యాజువాలిటీ, ఐసీయూ, వార్డులు అని ఇరవై నాలుగు గంటలూ ఒక డాక్టరు ఉండి తీరవలసిన చోట్లు మాకు మూడు. షిఫ్టులు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2, 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి మరునాడు ఉదయం 8. డ్యూటీ డాక్టర్లు పేరుకు 11 మంది. వారిలో ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు, అరవై దాటిన మరొకరికి రాత్రి డ్యూటీలు వేయడం లేదు.

ప్రతి నెలా 25వ తేదీ దాటాక ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్ద షీటు పరుచుకుని, ముందు పెన్సిలుతో, తర్వాత పెన్నుతో గళ్లు నింపుతాను. సెలవు చీటీలు ఇచ్చినవారివి, ఫోనులో చెప్పినవారివి, మెట్ల మీద ఎదురుపడి చెప్పినవారివి అన్నీ గుర్తుపెట్టుకోవాలి. అయ్యాక షీటును క్యాజువాలిటీ గోడకు అంటించి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. పదో తేదీ వచ్చేసరికి కొన్ని గళ్లలో వైట్‌నర్ మూడు పొరలు ఉంటుంది; ట్యూబ్‌లైటు కింద నిలబడి పరీక్షగా చూస్తే అడుగున ఉన్న పేరు కూడా కనిపిస్తుంది. అప్పటికి డాక్టర్ల ఫోన్లలో అదే నెల చార్టు మూడు నాలుగు రకాలుగా ఉంటుంది.

నిరుడు ఉభాల (వరి నాట్ల) రోజుల్లో జరిగిన ఒక సంగతి వల్లే ఈ ప్రశ్న అడుగుతున్నాను. మా డాక్టరు ఒకరు అర్ధరాత్రి పన్నెండున్నరకు తోటి డాక్టరుకు “రేపు రాత్రి నా డ్యూటీ మీరు చేయగలరా” అని మెసేజ్ పెట్టారు, ఆయన సరే అన్నారు. అడిగిన ఆయన ఇంకా నిద్రపోలేదు కనుక ఆయన లెక్కలో రేపు అంటే తెల్లవారాక వచ్చే రాత్రి. ఒప్పుకున్న ఆయన మెసేజ్ మీద ఉన్న తేదీని చూసి, ఆ మరుసటి రాత్రి అనుకున్నారు. మధ్యాహ్నం షిఫ్టు డాక్టరు ఎనిమిదిన్నర దాకా చూసి, దారిలో ఉండి ఉంటారని వెళ్లిపోయారు. తొమ్మిదింటికి పొలం పనిలో పాము కరిచిన ఒక ఆవిడను ఆటోలో తెచ్చారు. క్యాజువాలిటీలో డాక్టరు లేరు. ఐసీయూలో ఉన్న డాక్టరు వెంటిలేటరు మీద ఉన్న రోగిని వదిలి రాలేక, వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ బతికి ఇంటికి వెళ్లారు. అయినా ఆ ఇరవై నిమిషాల గురించి ఆవిడ కొడుకు నా గది తలుపు దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది, ఎందుకంటే ఆ గడి నింపింది నేనే.

ఇప్పుడు మా యాజమాన్యానికి ఒక సంస్థవారు వచ్చి రోస్టర్ సాఫ్ట్‌వేర్ చూపించారు. డాక్టరుకు నెలకు ఇంత అని రుసుము. సెలవులు, మార్పిళ్లు అన్నీ ఫోనులోనే అడగవచ్చు, చార్టు దానంతట అదే తయారవుతుంది అంటున్నారు. డాక్టర్లలో కొందరికి ఇది తమ మీద నిఘా పెట్టడమేమోనని అనుమానం ఉంది. నేను అడిగేది ఇంతే: పదకొండు మంది ఉన్న చోట ఇది అవసరమా, అవసరమైతే కొనడానికి ముందు మేము తేల్చుకోవలసినవి ఏమిటి? ఈ ఏడాది ఉభాలు మొదలయ్యేలోపు ఏదో ఒకటి చేయాలని ఉంది.


జవాబు: విజయనగరం నుంచి ఒక మత్తు వైద్యుడు

డాక్టర్ గారికి నమస్కారం. నేను పనిచేసే ఆస్పత్రిలో నాలుగేళ్లుగా కంప్యూటరులోనే చార్టు వేస్తున్నాము, ఆ కమిటీలో నేనూ ఒకడిని. అవసరమే అని నా అభిప్రాయం. కానీ మేము మొదట చేసిన తప్పు మీరు చేయకూడదని వివరంగా రాస్తున్నాను.

మేము సాఫ్ట్‌వేరు ముందు కొన్నాము, నియమాలు తర్వాత ఆలోచించాము. అప్పటిదాకా చార్టు వేసే పెద్దాయన మనసులో ఎన్నో నియమాలు ఉండేవి: ఎవరికి మంగళవారం కుదరదు, ఏ ఇద్దరినీ ఒకే రాత్రి వేయకూడదు, ఎవరి తల్లికి వారానికి రెండుసార్లు డయాలిసిస్ ఉంది. అవేవీ కాగితం మీద లేవు కనుక కంప్యూటరుకు తెలియలేదు. అది వేసిన మొదటి చార్టు చూసి అందరూ కోప్పడ్డారు, ఆరు వారాల్లో మళ్లీ గోడ మీది కాగితానికే వచ్చాము. రెండోసారి ముందుగా ఐదుగురం కూర్చుని మా నియమాలన్నీ ఒక పేజీలో రాసుకున్నాము. ఆ పేజీ రాయడానికి మూడు సమావేశాలు పట్టాయి, సాఫ్ట్‌వేరులో వాటిని నింపడానికి ఒక పూట సరిపోయింది.

మీ పాము కాటు కేసు విషయంలో ముందు ఒక మాట. మా పేజీలో మొదటి నియమం దాని గురించే. రాత్రి డ్యూటీని అది మొదలయ్యే తేదీతోనే పిలవాలి. రేపు, ఎల్లుండి అనే మాటలు డ్యూటీ మార్పిడిలో వాడకూడదు. 17వ తేదీ రాత్రి అంటే 17వ తేదీ రాత్రి 8కి మొదలై 18వ తేదీ ఉదయం 8కి ముగిసేది. మార్పిడి కావాలంటే అడిగేవారు చార్టులోని ఆ గడినే ఎంచుకోవాలి, ఒప్పుకునేవారు అదే గడిని చూసి ఒప్పుకోవాలి, ఆర్.ఎం.ఓ. ఆమోదించాలి. ఈ మూడూ పూర్తయ్యేదాకా ఆ డ్యూటీ మొదట ఎవరి పేరున ఉందో వారిదే. దీనితో పాటు, రిలీవర్ (తర్వాతి షిఫ్టు డాక్టరు) వచ్చి సంతకం పెట్టేదాకా ఉన్న డాక్టరు కదలకూడదు, పదిహేను నిమిషాలు దాటితే సూపర్‌వైజరుకు ఫోను చేయాలి అని కూడా రాసుకున్నాము. రెండో నియమాన్ని ఏ యంత్రమూ అమలు చేయదు, మనుషులే చేయాలి.

షిఫ్టుల మధ్య అరగంట ఇద్దరూ ఉండేలా చార్టు వేయండి. సాఫ్ట్‌వేరులు సాధారణంగా 2 గంటలకు ఒకరిని దించి 2 గంటలకే ఇంకొకరిని ఎక్కిస్తాయి, ఆ నడుమ రోగిని అప్పగించే సమయం ఎవరి లెక్కలోనూ ఉండదు. రక్తం గడ్డకట్టనివ్వని పాము విషం కేసునే తీసుకోండి. మధ్యాహ్నం 3 గంటలకు విరుగుడు మందు ఎక్కించారంటే, రక్తం గడ్డకడుతోందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్షను ఆరు గంటల తర్వాత, అంటే రాత్రి 9కి మళ్లీ చేయాలి. మందు ఇచ్చింది ఒక డాక్టరు, ఆ పరీక్ష చేయించవలసింది ఇంకొక డాక్టరు. అప్పగింతలో ఆ ఒక్క మాట జారిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అమెరికా, కెనడాల్లోని తొమ్మిది ఆస్పత్రుల పిల్లల విభాగాల్లో అప్పగింతకు ఒక క్రమపద్ధతి పెట్టి చూసి, వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు. మా దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంది. విశాఖపట్నంలో కాపురం ఉండి రోజూ రైల్లో వచ్చే డాక్టర్లు చాలామంది. రైలు కంటకాపల్లి దగ్గరో కొత్తవలస దగ్గరో ఆగిపోతే ఉదయం ఎనిమిది కాస్తా తొమ్మిది అవుతుంది. అందుకని రైలు మీద ఆధారపడినవారికి, రాత్రంతా మేలుకున్న డాక్టరును విడిపించే ఉదయం షిఫ్టు వరుసగా వేయము.

ఇక రాత్రుల సంగతి. మనిషి శరీరం నిద్రవేళను ముందుగా తెచ్చుకోవడం కంటే ఆలస్యం చేసుకోవడాన్నే తేలికగా ఓర్చుకుంటుంది కనుక ఉదయం, ఆ తర్వాత మధ్యాహ్నం, ఆ తర్వాత రాత్రి అనే వరుసలోనే షిఫ్టులు మారాలి. వరుసగా మూడు రాత్రులకు మించకూడదు. చివరి రాత్రి తర్వాత కనీసం రెండు రోజులు విడవాలి. రాత్రి డ్యూటీ దిగినవారిని ఆ మధ్యాహ్నమే ఓపీకి పిలవడం పూర్తిగా మానేయాలి. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చేతి, కంటి సమన్వయం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన మోటారు వాహనాల చట్టం బండి నడిపేవారికి పెట్టిన హద్దు 0.03 శాతం. ఉదయం ఏడింటికి లేచిన డాక్టరు పగలు పడుకోకుండా రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కితే, అర్ధరాత్రికే పదిహేడు గంటలు నిండుతాయి, ఇంకా ఎనిమిది గంటల డ్యూటీ మిగిలి ఉంటుంది. మత్తు ఇచ్చే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక ఈ లెక్క నన్ను వదలదు.

పండగల విషయంలో కంప్యూటరు వల్ల నిజంగా మేలు జరిగింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఆ రోజు ఊళ్లోవారందరికీ సెలవు కావాలి, క్యాజువాలిటీకి మామూలు కంటే ఎక్కువ మంది డాక్టర్లు కావాలి, పైగా మధ్యాహ్నం తర్వాత కోట వైపు వాహనాలు కదలవు. నిరుటి సిరిమానుకు ఎవరు పనిచేశారు, అంతకు ముందు సంక్రాంతి మూడు రోజులూ ఎవరు చేశారు అనేది కాగితాలతో పాటే పోయేది, గుర్తున్నవారు గట్టిగా అడిగి సెలవు తీసుకునేవారు, గుర్తులేనివారు మళ్లీ డ్యూటీ చేసేవారు. ఇప్పుడు మూడేళ్ల పండగ లెక్క అందరికీ కనిపిస్తుంది, దాని మీద వాదన రాలేదు.


జవాబు: ఆమదాలవలస వాసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

నమస్కారం డాక్టర్ గారూ. విశాఖపట్నంలో ఇలాంటి చార్టులు తయారుచేసే ప్రోగ్రాములు రాయడమే నా పని. ఏ సంస్థదీ కొనమని గానీ వద్దని గానీ చెప్పను, లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

మీకు రోజుకు మూడు చోట్లు, మూడు షిఫ్టులు, అంటే తొమ్మిది గళ్లు. 30 రోజులకు 270 గళ్లు. ఒక్కో గడిలో పదకొండు మందిలో ఎవరినైనా పెట్టవచ్చు అనుకుంటే, సాధ్యమయ్యే చార్టుల సంఖ్య 282 అంకెలు ఉన్న సంఖ్య. వాటన్నిటినీ ఏ కంప్యూటరూ ఒక్కొక్కటిగా చూడదు. నియమాలను ఉపయోగించుకుని, పనికిరాని చార్టులను గుంపులు గుంపులుగా పక్కన పెడుతూ వెళుతుంది. ఒకరు ఒకే సమయంలో రెండు చోట్ల ఉండకూడదు, రాత్రి తర్వాత వెంటనే ఉదయం వేయకూడదు వంటివి తప్పనిసరి నియమాలు. ఒక్కటి తప్పినా ఆ చార్టు చెల్లదు. ఫలానా వారికి ఆదివారం సెలవు ఇష్టం, భార్యాభర్తలిద్దరికీ ఒకే రోజు సెలవు పడితే బాగుంటుంది వంటివి వీలైనంత వరకు నియమాలు. ఇవి తప్పినప్పుడల్లా కొన్ని మార్కులు కోసేసి, అన్నిటికంటే తక్కువ మార్కులు పోయిన చార్టును ఎంచుతుంది. ఏది తప్పనిసరి, ఏది వీలైనంత వరకు అనేది తేల్చవలసింది మీరే. అన్నీ తప్పనిసరి అని రాస్తే ఏ చార్టూ రాదు, అన్నీ వీలైనంత అని రాస్తే ఎవరో ఒకరికి పొరపాటున ఐదు రాత్రులు వరుసగా పడతాయి.

అన్నిటికంటే ముందు చేయవలసిన లెక్క ఇంకొకటి ఉంది, దానికి సాఫ్ట్‌వేరు కూడా అక్కరలేదు. వారానికి 168 గంటలు, మూడు చోట్లకు 504 గంటలు. పదకొండు మందికి పంచితే తలకు దాదాపు 46 గంటలు వస్తుంది, చూడడానికి బాగానే ఉంటుంది. కానీ ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు కనుక పది మందికే పంచాలి, అప్పుడు తలకు 50.4 గంటలు. అదీ మిగిలినవారెవరూ ఒక్క రోజు కూడా సెలవు పెట్టకపోతే. వారానికి 48 గంటలు, ఏడాదికి అన్ని రకాల సెలవులూ కలిపి 30 రోజులు అనుకుని లెక్క వేయండి: ఒక డాక్టరు నుంచి ఏడాదికి వచ్చేది 2,256 గంటలు. ఒక్క చోటును ఏడాదంతా నింపడానికి 8,760 గంటలు కావాలి. భాగిస్తే 3.88, అంటే ఒక్కో చోటుకు నలుగురు. మీకు పన్నెండు మంది కావాలి, పనిచేస్తున్నది పది మంది. రాత్రులు ఇంకా కష్టం. నెలకు 90 రాత్రులు, పెద్దాయనను మినహాయిస్తే చేసేవారు తొమ్మిది మంది, తలకు పది రాత్రులు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పై డాక్టర్ గారు చెప్పిన నియమాలన్నీ తప్పనిసరి అని పెట్టి, వారానికి 48 గంటలు కూడా చేర్చి నడిపితే, ప్రోగ్రాము మీకు చార్టు ఇవ్వదు, సాధ్యం కాదు అని చెబుతుంది. చాలామంది దాన్ని లోపం అనుకుని కంపెనీకి ఫోను చేస్తారు. నేనైతే ఆ సమాధానాన్ని అచ్చు తీసి యాజమాన్యం ముందు పెట్టమంటాను. చేత్తో చార్టు వేసేటప్పుడు సాధ్యం కాని చోట మీరు ఏం చేస్తారు? కాదనలేని స్వభావం ఉన్న డాక్టరుకు ఫోను చేసి అడుగుతారు, గడి నిండుతుంది, ఇద్దరు తక్కువ ఉన్న సంగతి ఎవరికీ తెలియదు.

పదకొండు మందికి వెంటనే డబ్బు పెట్టి కొనాలా అంటే, ముందు రెండు నెలలు మామూలు స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూడండి. అడ్డంగా తేదీలు, నిలువుగా పేర్లు, గడిలో షిఫ్టుకు ఒక అక్షరం. చివరి నిలువు వరుసల్లో కౌంటిఫ్ అనే లెక్కపెట్టే సూత్రంతో రాత్రులు, ఆదివారాలు, మొత్తం గంటలు వాటంతట అవే లెక్కకు వస్తాయి. రాత్రి తర్వాత ఉదయం పడితే గడి ఎర్రబడేలా పెట్టవచ్చు. చార్టును కంప్యూటరే తయారుచేయాలి అనుకుంటే గూగుల్ వారి ఓఆర్-టూల్స్ అనే ప్రోగ్రామింగ్ సాధనం ఉచితంగా దొరుకుతుంది, నర్సుల షిఫ్టుల ఉదాహరణ కూడా అందులోనే ఉంది. ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రవాడు ఎవరైనా మీ నియమాలకు సరిపోయేట్టు మార్చగలడు. సంస్థ దగ్గర కొనేటట్టయితే ఒక్కటి తప్పక అడగండి: ఒప్పందం ముగిశాక మా పాత చార్టులన్నీ మాకు తిరిగి ఇస్తారా, ఏ రూపంలో ఇస్తారు?


జవాబు: విజయనగరం జిల్లా నుంచి ఒక డ్యూటీ డాక్టరు

పెద్దలు చెప్పినదంతా చదివాను. చార్టులో పేరు పడే మనిషిగా నా వైపు మాట చెబుతాను.

ఇంతకు ముందు నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో కంప్యూటరు చార్టే ఉండేది. చార్టు వచ్చిన రోజు న్యాయంగానే ఉండేది. ఆ తర్వాత నెలంతా మార్పిళ్లు జరిగేవి, అవి ఎప్పుడూ ఒకే వైపు నడిచేవి. సీనియరు అడుగుతారు, జూనియరు సరే అంటారు. యంత్రం లెక్కలో అది ఇద్దరి ఇష్టప్రకారం జరిగిన మార్పిడి. ఒక ఫిబ్రవరిలో నాకు చార్టులో పడినవి ఎనిమిది రాత్రులు, నేను చేసినవి పదమూడు. నెలాఖరున పైవారికి వెళ్లే నివేదికలో మాత్రం మొదటి చార్టే ఉంది. కనుక వేసిన చార్టు ఒకటి, జరిగిన చార్టు ఒకటి, రెండూ పక్కపక్కన ఉంచే సాఫ్ట్‌వేరునే తీసుకోండి. మార్పిడి అంటే ఇచ్చిపుచ్చుకోవడం కావాలి; ఒక రాత్రి ఇచ్చినవారు ఏ తేదీన తిరిగి చేస్తారో చెప్పనిదే ఆమోదం పడకూడదు. గడిని మార్చే అధికారం ఎవరికి ఉంది, ఎవరు ఎప్పుడు మార్చారు అనేది అందరికీ కనిపించాలి, ఆర్.ఎం.ఓ. గారు మార్చినా సరే.

గంటల హద్దు గురించి మనకు మాటలు చాలాకాలంగా ఉన్నాయి. రెసిడెంట్ డాక్టర్లకు వరుసగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే ఉత్తర్వు ఇచ్చింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్సు వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్ల తర్వాత అడిగే హద్దు పెరిగిందంటే, అసలు ఎన్ని గంటలు చేస్తున్నారో లెక్క రాసినవారు లేకపోవడమే కారణమని నేను నమ్ముతున్నాను. ఇంగ్లండులో 2016 ఒప్పందం నుంచి, చార్టులో ఉన్నదానికంటే ఎక్కువసేపు పనిచేసిన జూనియర్ డాక్టరు ఆ సంగతిని నమోదు చేసే పద్ధతి ఉంది. వాటిని చూడడానికి ఆస్పత్రులను నడిపే ప్రతి ప్రభుత్వ ట్రస్టులోనూ ఒక సీనియరును ప్రత్యేకంగా నియమిస్తారు. మీ పదకొండు మందికి అంత ఏర్పాటు అక్కరలేదు, రాత్రి 8కి దిగవలసినవారు 10 దాకా ఉంటే ఆ రెండు గంటలు రాసే గడి ఒకటి ఉంటే చాలు.

నిఘా అనుమానం గురించి: హాజరును, చార్టును కలపకండి. వైద్య కళాశాలల అధ్యాపకులకు కమిషన్ నియమం ప్రకారం ఆధార్ హాజరు ఎలాగూ ఉంది, అది వేరే పని. చార్టు యాప్‌లోనే లొకేషను, ఆలస్యానికి జీతం కోత చేర్చితే ఎవరూ అందులో నిజం నింపరు. సెలవుకు కారణం అడిగే గడి ఉంటే అది ఆర్.ఎం.ఓ. గారికి మాత్రమే కనిపించాలి. నా తోటి డాక్టరు గర్భవతి అన్న సంగతి ఆమె చెప్పకముందే అందరికీ చార్టు ద్వారా తెలిసిపోయింది, ఆమె ఆ రోజు ఎంత బాధపడిందో చూశాను.


జవాబు: పలాస ప్రాంతం నుంచి, పదవీ విరమణ చేసిన నర్సింగ్ సూపరింటెండెంటు

డాక్టర్ గారూ, నాది ఒక్కటే మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి. యాప్‌లో ఉన్న చార్టు ఆ రోజు ఎవరికి పనికొస్తుంది? ప్రతి సాయంత్రం ఏడింటికి మరునాటి చార్టును కాగితం మీద అచ్చు తీసి క్యాజువాలిటీ కౌంటరులో పెట్టించండి, దాని మీద అచ్చు తీసిన సమయం ఉండాలి. తుపాను హెచ్చరిక వస్తే వారం రోజులది తీసిపెట్టండి, ఆస్పత్రికి నడిచి రాగల దూరంలో ఎవరున్నారో కూడా అందులో రాయించండి.

డ్యూటీ డాక్టర్లతో పాటు ఆన్‌కాల్ సర్జను, గైనకాలజిస్టు, మత్తు డాక్టరు పేర్లు కూడా అదే కాగితంలో ఉండాలి. రాత్రి రెండింటికి లేబర్ రూములో ఉన్న సిస్టరుకు కావలసింది నెల చార్టు కాదు. ఈ గంటలో ఎవరికి ఫోను చేయాలి, ఆయన ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలి, అంతే.


ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నందుకు మన్నించాలి, ఊరికే ధన్యవాదాలు చెప్పకుండా ఏదైనా చేసి రాద్దామని ఆగాను.

సాఫ్ట్‌వేరు ఇంకా కొనలేదు. ఆమదాలవలస బాబు చెప్పినట్టు స్ప్రెడ్‌షీటు తయారుచేయించి, ముందు మార్చి, ఏప్రిల్, మే నెలల పాత చార్టులను అందులోకి ఎక్కించాను. విజయనగరం జిల్లా డ్యూటీ డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుంచుకుని, వేసిన చార్టు కాకుండా జరిగిన డ్యూటీలను క్యాజువాలిటీ రిజిస్టరులోని సంతకాలు చూసి నింపాను. అందుకు నాలుగు సాయంత్రాలు పట్టింది. 92 రోజుల్లో 276 రాత్రులు, తొమ్మిది మందికి పంచితే తలకు ముప్పై లేదా ముప్పై ఒకటి రావాలి. ఒక డాక్టరు 39 చేశారు. మరొకరు 22. 39 చేసిన ఆయన ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నా గదికి వచ్చి చార్టు గురించి మాట్లాడలేదు. సాయంత్రం పూట ఎవరైనా రాలేనంటే నేను ఫోను చేసేది ఎప్పుడూ ఆయనకే. ఆ సంఖ్య చూశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మరునాడు ఆయనను పిలిచి షీటు చూపించి క్షమించమని అడిగాను. “పరవాలేదు మేడమ్, ఇంత అనుకోలేదు” అని మాత్రం అన్నారు.

పది మంది, పన్నెండు మంది లెక్కను యాజమాన్యానికి ఒక కాగితంలో రాసి ఇచ్చాను. ఒకరిని వెంటనే తీసుకున్నారు, రెండోవారి కోసం ప్రకటన ఇచ్చారు. పెద్దాయన తానే వచ్చి, రాత్రులు చేయలేకపోయినా ఆదివారం మధ్యాహ్నాలు ఎక్కువ చేస్తానన్నారు. నియమాల పేజీ తయారైంది. రాత్రిని మొదలయ్యే తేదీతో పిలవడం మొదటి నియమం. రిలీవరు సంతకం పెట్టేదాకా కదలకపోవడం రెండోది. సాయంత్రం ఏడింటి అచ్చు పని రిసెప్షనులో ఒకరికి అప్పగించాను, నిన్నటితో పది రోజులు తప్పకుండా జరిగింది.

ఒక్క సందేహం మిగిలింది. 39 చేసిన ఆయనకు రావలసిన ఎనిమిది రాత్రుల విశ్రాంతిని, 22 చేసిన ఆయన బాకీ ఉన్న ఎనిమిదింటిని ఈ ఒక్క నెలలోనే సరిచేయాలని ఉంది. అలా వేసి చూస్తే షీటులో గళ్లు ఎర్రబడుతున్నాయి.


జవాబు: ఆమదాలవలస వాసి

డాక్టర్ గారూ, ఒక్క నెలలో సరిచేయకండి. 22 చేసిన డాక్టరుకు నెలకు పదికి తోడు ఎనిమిది కలిపితే పద్దెనిమిది రాత్రులు అవుతాయి, వరుసగా మూడు రాత్రులు, తర్వాత రెండు రోజుల విరామం అనే మీ నియమంతో 30 రోజుల్లో అవి పట్టడమే కష్టం, అందుకే ఎర్రబడుతోంది. మూడు నెలల్లో పోగైన బాకీని నాలుగు నెలలకు పంచండి, నెలకు రెండు రాత్రులు ఇటునుంచి అటు జరిగితే చాలు. షీటులో ప్రతి పేరు ఎదుట బాకీ అని ఒక వరుస చేర్చి, ఈ నెల మిగిలినది వచ్చే నెలకు దానంతట అదే చేరేలా పెట్టాను, మీకు పంపుతున్నాను. కొత్తగా చేరిన డాక్టరు బాకీని సున్నాతో మొదలుపెట్టండి. మిగిలినవారి సగటుతో మొదలుపెడితే ఆయన చేయని రాత్రులు కూడా ఆయన ఖాతాలో పడతాయి.